వలెను

నేను తెలుగు పంతుల్ని.
మలక్‌పేట బడిలో ఇరవై రెండేళ్లుగా
వేళ్లతో చదివి నోటితో చెబుతున్నాను.
'వలె' అంటే పోలిక, పిల్లలూ:
మంచు వలె, మల్లె వలె.
దానికి ఒక్క 'ను' తగిలించారా,
పోలిక కాస్తా బాకీ అయి కూర్చుంటుంది:
ఇవ్వవలెను. కట్టవలెను.

ఈ రెండో సంగతి నాకు గట్టిగా నేర్పింది ఫోనే.
కరెంటు పోయి
ఇంట్లో అందరూ కొవ్వొత్తి కోసం తడుముకుంటున్న రాత్రి
దానిచేత చట్టం మొత్తం చదివించుకున్నాను.
ఆ గొంతుకు ఊరు లేదు, ఊపిరి లేదు.
'ళ'ను 'ల' చేస్తుంది, 'క్ష' దగ్గర కాలు జారుతుంది,
వామనమూర్తినైన నన్ను
వామన, మూర్తి అని ఇద్దర్ని చేస్తుంది.
కానీ ఒక్క 'వలెను'ను కూడా మింగలేదు.
కల్పించవలెను. అందుబాటులో ఉంచవలెను.
లెక్కపెడుతూ పడుకున్నాను,
అరవై దాటాక నిద్రపట్టింది.

నాంపల్లిలో ఆ ఆఫీసు ముందు
ర్యాంపు వలె ఒకటుంది.
ర్యాంపు కాదు. వలె.
తనిఖీకి ముందురాత్రి పోసిన సిమెంటట.
మొదటి తాకిడికే నా కర్ర చెప్పేసింది:
పడుకోబోయి మనసు మార్చుకున్న గోడ ఇది.

అనసూయమ్మ చక్రాల కుర్చీ సగం ఎక్కి జారితే
వెనకనుంచి ఆపింది ఇలియాస్ భాయ్.
రాణిగంజ్‌లో ఆయన దుకాణం.
స్కూటర్లకు పక్కచక్రాలు బిగిస్తాడు,
ఊతకర్రలకు టైరు ముక్కల చెప్పులు తొడుగుతాడు.
జేబులోంచి దారం తీసి కొలిచాడు.
"అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడుగుండాలె సార్.
ఇది మూడే ఉంది.
మిగిలిన తొమ్మిది ఎవరింట్ల పండుకున్నయో!"

ఎవరో ఎత్తబోతే అనసూయమ్మ ఒప్పుకోలేదు.
"బియ్యం బస్తానా నేను?
ఇక్కడే ఉంటా. ఆఫీసునే దిగి రమ్మను."

"సార్ లేరు, రేపు రాండ్రి," అన్నాడు గేటు దగ్గరి మనిషి.
ఇది మా ఐదో రేపు.
ఐదేళ్లలో అన్నీ సరిచేయవలెనని చట్టంలో ఉంది.
ఆ ఐదేళ్లకు మాత్రం మెట్లు అడ్డం కాలేదు,
టకటకా ఎక్కి వెళ్లిపోయాయి.

ఫోను తీసి అతని ముందు పెట్టాను.
"ఏమంటుంది? గట్టిగ పెట్టు."
పెంచాను.
"ఇంకా."
ఇంకా లేదు.
అప్పుడు అతని చెయ్యి నా మణికట్టు పట్టుకుని
ఫోనును ఎడమ చెవి మీంచి కుడి చెవికి నడిపించింది.
బీడీ వాసన దగ్గరికొచ్చింది, గొంతు తగ్గింది.
"అందుల చెవుల గురించి కూడ ఉందా సార్?"

రెండేళ్లయిందట. ఒకటి పూర్తిగా పోయింది.
లోపల గంట కొడితే ఇతను వినడు,
తలుపు మీద బల్బు వెలుగుతుందేమో చూస్తాడు.
ఇంట్లో కూడా చెప్పలేదట.

వేలు జరిపాను. ఊరులేని గొంతు చదివింది:
పనిలో ఉండగా వైకల్యం కలిగిన ఉద్యోగిని తొలగించరాదు.
అతనికి చివరిదొక్కటే వినబడింది.
"రాదా? నాకు రాదంటున్నదా?"
కాదయ్యా, ఇది మంచి 'రాదు'.
నిన్ను తీసెయ్యరాదు అని.
కాసేపు మాట్లాడలేదు.
"నేను ఏజెన్సీ మనిషిని సార్.
ఏజెన్సోళ్లకు పడుతదా అది?"

ఫోనుకు తెలియదు.
నాకూ తెలియదు.
కనుక్కోవలెను, అన్నాను,
ఆ 'ను' నా నాలుక మీద బరువుగా దిగింది.

అనసూయమ్మ ఒడిలో అట్ట పెట్టుకుని
రెండో అర్జీ మొదలుపెట్టింది. పేరు?
"రామగిరి పెంటయ్య."
"మాకూ వినబడాలి, గట్టిగా!"

ఈలోగా ఇలియాస్ భాయ్ సుద్దముక్కతో
పోయిన తొమ్మిది అడుగులనూ నేల మీద గీస్తున్నాడు.
ఎక్కడిదాకా వచ్చిందని అడిగాను.
"సార్ కారు కిందికి పోయింది గీత," అంది అనసూయమ్మ.

కారా?
కర్రతో వెతుక్కుంటూ వెళ్లి
బానెట్ మీద అరచెయ్యి ఆనించాను.

వెచ్చగా ఉంది ఇంకా.